బాన్సువాడ ముడి

లక్‌పతి చుట్టిన మోటార్ల గురించి బాన్సువాడలో చెప్పుకొనే మాటల్లో సగం నిజం. మిగతా సగం లక్‌పతి చెప్పినవి. అతను వైండింగ్ చేసిన మోటారును కోటగిరి దగ్గర ఒక బావికి బిగిస్తే మధ్యాహ్నానికల్లా బావి అడుగు కనిపించిందట. సాయంత్రానికి పక్క చేనులోని బావి నీళ్లు కూడా ఇటే నడిచి వచ్చాయట. ఆపడం మరిచిపోతే మర్నాడు పైపులోంచి నిజాంసాగర్ చేపలు పడ్డాయట. ఆ చేపలు తిన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే రుచి కూడా చెబుతారు.

పేరుకు లక్‌పతి. తండాలో అతనికి ఆ పేరు పెట్టిన రోజున ఇంట్లో ఉన్న ఆస్తి ఒక మేక, అదీ పక్కింటివాళ్లది. బడికి పోయాడు గానీ బడి అతని వెంట రాలేదు. నిజామాబాద్‌లో ఒక మోటార్ల దుకాణంలో చేరి, రాగి తీగ చుట్టడం నేర్చుకొని, కాలిన వార్నిష్ వాసనను బట్టి మోటారుకు ఏం రోగమో చెప్పగలిగేంతవాడై తిరిగొచ్చాడు. చెప్పింది తప్పయినా వినసొంపుగా ఉండేది. బజారు వెనుక వీధిలో రేకుల దుకాణం పెట్టాడు.

ఆ వీధికి 1969లో మూడు ఫేసుల కరెంటు వచ్చింది. లైను లాగిన గుత్తేదారు మనుషులకు ఆ రోజు ఎండ తగిలిందో, కల్లు కుండ తగిలిందో, వీధి మొదటి స్తంభం మీద పసుపు తీగా నీలి తీగా ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. దీపాలకు ఆ తేడా పట్టదు, హాయిగా వెలుగుతాయి. మోటారుకు మాత్రం పడుతుంది. బిగించగానే వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగే పంపు నీళ్లు పొయ్యదు, గాలి మింగి గురక పెడుతుంది. మందు చిన్నదే. పసుపును నీలి చోట, నీలిని పసుపు చోట బిగిస్తే మోటారు బుద్ధిగా తిరుగుతుంది. స్తంభం మీదే సరిచేద్దామంటే, అప్పటికే మందు పడిన మోటార్లన్నీ మళ్లీ వెనక్కి తిరుగుతాయి కాబట్టి ఎవరూ ఆ జోలికి పోలేదు. కొన్నాళ్లకు ఆ వీధిలో అది గడప దగ్గర చెప్పులు విడిచినంత అలవాటైపోయింది. మూడు తీగలు కంటబడితే చాలు, అడగకముందే రెండింటిని అటూ ఇటూ వేసేస్తారు. దానికి ‘బాన్సువాడ ముడి’ అని పేరు పెట్టింది లక్‌పతే. నిజానికి అందులో ముడేమీ లేదు, చోటు మార్పిడి మాత్రమే. కానీ పేరు పెట్టినవాడు లక్‌పతి కాబట్టి ముడే.

ఇక దుకాణం బోర్డు సంగతి. దాన్ని రాసినవాడు పెయింటర్ దేవిదాస్. మద్నూర్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. తెలుగులో రాస్తాడు, మరాఠీలో తిడతాడు. ‘లక్‌పతి’ అని ఒక చివర, ‘మోటార్ వైండింగ్ వర్క్స్’ అని ఇంకో చివర రాసి వెనక్కి జరిగి చూసుకుంటే నడుమ పెద్ద ఖాళీ మిగిలింది. ఒక పువ్వు వేస్తానన్నాడు దేవిదాస్. దుకాణం మీద పువ్వేంటని లక్‌పతికి కోపం వచ్చింది.

“గా జాగల ‘ఇంజనీర్’ అని రాయి.”

“అరే బాబా, ఎవరు ఇంజనీర్?”

“జాగ ఖాళీగుంది గద. రాయి.”

రాశాడు. పువ్వు కంటే అందంగా కుదిరింది. ఆ రంగు ఆరిందో లేదో, మద్నూర్ వైపు ఒక తండా నుంచి హర్యా అనే పెద్దమనిషి పిల్లవాణ్ణి చూడటానికి వచ్చాడు. ఎద్దుల్ని చూసి వాటి వయసు, స్వభావం, గత జన్మ చెప్పగలవాడు. చదువు రాదు. దారిన పోయే ఒకణ్ణి ఆపి బోర్డు చదివించుకున్నాడు. నడుమ మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు. కాసేపు తల ఊపి, “పిల్లనిస్త” అన్నాడు. లక్‌పతి ముఖం వైపు సరిగా చూడనైనా చూడలేదు.

అలా సక్రి ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన వారంలోనే సంగతంతా గ్రహించి, “మా బాపు నిన్ను చూసి ఇయ్యలే, బోర్డును చూసి ఇచ్చిండు. నేను బోర్డుకే వండిపెడత” అనేది. లక్‌పతి నవ్వేవాడు గానీ లోపల గుచ్చుకునేది. ఎందుకంటే మామ వచ్చినప్పుడల్లా దుకాణంలో మూలమూలా కళ్లతో వెదికేవాడు. తీగ చుట్టలు చూసేవాడు, విప్పేసిన మోటార్లు చూసేవాడు, నిట్టూర్చి టీ తాగి పోయేవాడు. ‘ఇంజనీర్ ఎక్కడ దాక్కున్నాడా అని వెదుకుతున్నాడు’ అనుకునేవాడు లక్‌పతి. ఆ ఒక్క మాట బోర్డు మీద నిలిచినన్ని రోజులే తన సంసారమూ నిలుస్తుందని అతని నమ్మకం.

1978లో వానలు వెనకబట్టాక ఆ దుకాణానికి రాజేశ్వర్ వచ్చాడు. కోటగిరి రైతుబిడ్డ, హైదరాబాద్‌లో ఒక కాలేజీలో పెద్ద చదువు చదువుతున్నాడు. చంకలో చుట్టిన డ్రాయింగు, సంచిలో రెండంచులకూ చిల్లులున్న వెడల్పాటి కాగితాల బొత్తి. బోర్డు చూసి, “ఇంజనీర్ సారు ఉన్నారా?” అని అడిగాడు.

“చెప్పుండ్రి, నేనే” అన్నాడు లక్‌పతి. వెనుక నుంచి సక్రి దగ్గింది.

“ఫేస్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ నమూనా ఒకటి చుట్టాలన్నా. చిన్నదే, బల్ల మీద పట్టేటంత.”

“ఫేస్ మార్చుడా? దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు సారూ! కటింగ్ ప్లేయర్ చాలు. ఐదు నిమిషాల పని.” లక్‌పతి అప్పుడే ప్లేయర్ తీసి రెండు తీగలు పట్టుకున్నాడు.

రాజేశ్వర్ నవ్వాపుకోలేకపోయాడు. “మార్చుడు కాదన్నా. జరుపుడు.”

“రెండూ ఒకటే గద.”

“ఎట్లయితది? బస్సుల ‘జర జరుగు’ అంటే మనిషి పక్కకు జరుగుతడు గని, దిగి ఇంకో బస్సు ఎక్కడు గద. గట్ల, ఫేసును దాని జాగలనే జరంత జరపాలె.”

“ఎందుకు జరపాలె? ఎవరన్న కూసుంటరా?”

“ఒక ఊరికి కరెంటు రెండు లైన్లల్ల వస్తుందనుకో. ఒకటి దగ్గరి దారి, ఇంకోటి చుట్టు దారి. కరెంటుది లారీ డ్రైవర్ బుద్ధి, ఎక్కువ దగ్గరి దారికే పడతది. ఆ లైను ఏడెక్కి సస్తది, చుట్టు దారి లైను కాళ్లు చాపుకొని పండుకుంటది. చుట్టు దారి మొదట్ల ఈ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఫేసును జర జరిపితే, కొంత కరెంటు అటు మర్లుతది.”

“అంటే నాకా పెట్టి లారీలను మలిపినట్టు.”

“అచ్చం గదే!”

ఎర్ర ఫేసును జరపడానికి దాని వెనుక నుంచే నెడితే ఓల్టేజి పెరుగుతుంది తప్ప ఫేసు జరగదని, పసుపుకూ నీలికీ నడుమ ఉన్న ఓల్టేజిని పట్టుకొచ్చి ఎర్రకు అడ్డంగా కలపాలని, మిగతా రెండు ఫేసులకూ ఇదే పద్ధతని రాజేశ్వర్ డ్రాయింగు పరిచి చూపించాడు. ఎంత కలిపితే ఎంత జరుగుతుందో హైదరాబాద్‌లో కంప్యూటరుతో లెక్క కట్టించాడట. కార్డులకు చిల్లులు కొట్టి లోపలికి పంపితే ఆ మిషన్ లేని ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉన్నట్టే ఊహించుకొని, లేని లైన్లలో కరెంటు పారించి, ఈ కాగితాల నిండా అంకెలు కక్కింది. ఎంత జరపాలో మార్చే పిడిని మూడో గాటు దగ్గర పెడితే రెండు దారుల్లోనూ కరెంటు సమానమవుతుందని ఆ అంకెల సారాంశం.

“లేనిదాన్ని ఉన్నట్టు చెప్తదా?” సక్రికి ఆసక్తి పుట్టింది.

“అవునక్కా. సిమ్యులేషన్ అంటరు.”

“మా ఇంట్ల గా మిషన్ మొదటి నుంచి ఉంది” అని ఆమె మొగుడి వైపు చూసింది.

పని మొదలైంది. లక్‌పతి గొప్పలు అలా ఉంచండి, అతని చేతి కింద రాగి తీగ పట్టుదారంలా కూర్చునేది. దగ్గరి దారికి కరెంటుకు అడ్డుపడే ట్యూబులైటు చోకులు కొన్ని, చుట్టు దారికి అంతకు రెండింతలు చెక్క మీద బిగించారు. ఊరి బదులు బల్బులు పెట్టారు. ఒక్కో దారికి ఒక్కో సూది మీటరు. రాజేశ్వర్ దగ్గర అంకెల కాగితాలకు ఇంకో ప్రతి ఉండటంతో పాతదాన్ని సక్రికి ఇచ్చేశాడు. ఆమె వాటిలో వేయించిన పల్లీలు చుట్టి వచ్చినవాళ్లకు పంచింది. బాన్సువాడలో కంప్యూటర్ లెక్కను చాలామంది నమిలారు.

నోరూరుకుంటే లక్‌పతి ఎందుకవుతాడు? హైదరాబాద్ నుంచి తనను వెదుక్కుంటూ వచ్చారని, ఈ ట్రాన్స్‌ఫార్మర్ తిరిగితే మహారాష్ట్ర కరెంటు కూడా బెదిరి బాన్సువాడ దారి పడుతుందని వీధంతా చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ తిరగదు, ఉన్నచోటే ఉంటుంది. ఆ మాట ఎవరికీ తట్టలేదు. దేవిదాస్‌కు మాత్రం వేరే మాట తట్టింది.

“అరే బాబా లక్‌పతీ, ఇంతకు నడుస్తదా గది?”

“నడువకపోతే ఇంజనీర్ ఎట్లయిత? మూడో గాటు కాడ రెండు సూదులు సమానం కాకుంటే బోర్డు మీది ఆ మాటను అంగడి నడుమ నా చేతులతోనే గ్యాస్‌నూనె పోసి తుడుస్త!”

“గ్యాస్‌నూనె నేను తెస్త. రాసినోణ్ణి నేనే గద, దగ్గరుండి సాగనంపుత.”

“తే! సారు గీసిన గీతల వెంట్రుకంత గూడ మార్చకుండ చుట్టిన. విన్నరా అందరు? వెంట్రుకంత!”

అంగడి రోజు వచ్చింది. దుకాణం ముందు బెల్లం కొన్నవాళ్లు, ఎడ్లు అమ్మినవాళ్లు, ఏమీ కొననివాళ్లు అందరూ చేరారు. దేవిదాస్ ఒక చేతిలో రంగు డబ్బా, కుంచె, ఇంకో చేతిలో గ్యాస్‌నూనె సీసాతో ముందువరుసలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఎడ్లబండి తోలుకొని హర్యా దిగాడు. బండిలో గోనెపట్టా కప్పిన బరువైనదేదో ఉంది. లక్‌పతికి అది చూసే తీరిక లేదు. చూపంతా మామ మీదే.

“ఏంది బిడ్డా గీ జనం?” అని హర్యా కూతుర్ని అడిగాడు.

“నీ అల్లుడు కరెంటును పక్కకు జరుపుతడట బాపూ.”

రాజేశ్వర్ పెద్దాయనకు మర్యాదగా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు: వెనుక నుంచి నెట్టకుండా అడ్డంగా తోస్తామని. హర్యా వెంటనే అందుకున్నాడు. “గింతేనా. ఎద్దును ఎనకకెళ్లి పొడిస్తే ఉరుకుతది. పక్కకెళ్లి తడితే మర్లుతది.”

“తాతా, నా చదువంత ఒక్క మాటల చెప్పినవ్!” అన్నాడు రాజేశ్వర్ పొంగిపోయి.

స్విచ్చు వేశారు. బల్బులు వెలిగాయి. దగ్గరి దారి సూది పైన, చుట్టు దారి సూది కింద. లెక్కలో ఉన్నట్టే ఉంది. లక్‌పతి మీసం సవరించుకొని పిడిని మొదటి గాటుకు తిప్పాడు.

దగ్గరి దారి సూది ఇంకా పైకెక్కింది. చుట్టు దారిది ఇంకా కిందికి జారింది.

రెండో గాటు. అదే తంతు. మూడో గాటుకు చుట్టు దారి సూది పడుకోవడానికి చోటు చూసుకుంటోంది. దగ్గరి దారి చోకులు తేనెటీగల్లా రొద పెట్టాయి. కరెంటు ఎటు మళ్లాలో దానికి సరిగ్గా ఎదురుగా, క్రమశిక్షణతో, గాటు గాటుకూ మళ్లింది.

దేవిదాస్ సీసా మూత తీశాడు.

“ఆగు!” అని అరిచాడు లక్‌పతి. “నేను డ్రాయింగు చూసే చుట్టిన!”

“అయితే డ్రాయింగే తప్పు” అన్నాడు జనంలో ఒకడు. “అన్న ఏం జేస్తడు, గీసినోడు తప్పు గీసిండు.” ఇంకొకడు వంత పాడాడు. “మిషన్ లెక్క అంటిరి గద! లేనిదాని లెక్క లేనట్టే అయితది.”

రాజేశ్వర్ ముఖం పాలిపోయింది. కాగితాలు తిరగేస్తూ తనలో తను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. “లెక్కలనే గుర్తు తప్పిందా... మళ్ల కార్డులు కొట్టాలె... ఈ ఏడాది పాయె.”

లక్‌పతికి ఒక్కసారిగా దారి కనిపించింది. నోరు మూసుకుంటే చాలు. తప్పు డ్రాయింగుదవుతుంది, మాట బోర్డు మీద ఉంటుంది, మామ పక్కనే నిలబడి చూస్తాడు. జీవితంలో మొదటిసారి గొప్పలు చెప్పకుండానే గెలిచే అవకాశం.

అప్పుడు హర్యా, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో, “ఎద్దు మంచిదే. మీరు అవతలి పక్క తడుతున్నరు” అన్నాడు.

అవతలి పక్క. లక్‌పతి చూపు బల్ల కిందికి పోయింది. సరఫరా తీగలు మూడూ డబ్బాలోకి దూరే చోట పసుపు, నీలి ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. ఎప్పుడు వేశాడో గుర్తైనా లేదు. చేతులు వాటంతటవే వేసేశాయి, మోటారుకు వేసినట్టే. పసుపుకూ నీలికీ నడుమనున్న ఓల్టేజిని తీసుకొని కదా ఎర్రను తోసేది! ఆ రెండూ చోట్లు మార్చుకుంటే తోపు కుడి నుంచి ఎడమకు మారిపోతుంది.

బోర్డు వైపు చూశాడు. మామ వైపు చూశాడు. సక్రి పల్లీలు చుట్టడం ఆపి తన వైపే చూస్తోంది. రాజేశ్వర్ కాగితాలను సంచిలోకి కుక్కుతున్నాడు.

“సారూ, ఆగుండ్రి” అన్నాడు లక్‌పతి. బల్ల కింది తీగలు చూపించాడు. “మీ డ్రాయింగు మంచిగనే ఉంది. ముడి నేనేసిన.”

“ఏ ముడి?”

“బాన్సువాడ ముడి. పసుపు నీలి మార్చిన. గీ వీధిల కరెంటు ఉల్టా గద, అలవాటుల ఏసేసిన. వెంట్రుకంత మార్చలే అన్న గని తీగంత మార్చిన.”

రాజేశ్వర్ డ్రాయింగు లాగి, డబ్బా లోపలి తీగలు గీసిన మూలను వేలితో చూపిస్తూ పగలబడి నవ్వాడు.

“అన్నా! నేను గూడ ఏసిన!”

“ఏందీ?”

“కోటగిరోణ్ణన్నా, గీ వీధి సంగతి నాకు తెల్వదా? ఇక్కడ ఉల్టా అని డ్రాయింగులనే ముందుగాల మార్చి గీసిన! నువ్వు దాన్ని చూసి కట్టి, మీదికెళ్లి ఇంకో ముడేసినవ్!”

“ఇద్దరు చెరోటి ఏసిండ్రు, మళ్ల మొదటికే వచ్చింది” అని సక్రి తేల్చింది. “కరెంటును ఏమనుడు?”

స్విచ్చు తీశారు. లక్‌పతి ప్లేయర్ అందుకొని పసుపును పసుపు చోట, నీలిని నీలి చోట బిగించాడు. ముడి విప్పడం అతనికిదే మొదటిసారి కావడంతో చేతులు రెండుసార్లు తప్పిపోయి మళ్లీ ముడి వెయ్యబోయాయి. సక్రి ప్లేయర్ మీద చెయ్యి వేసి ఆపింది. మళ్లీ స్విచ్చు. మొదటి గాటుకు దగ్గరి దారి సూది దిగింది, చుట్టు దారిది లేచింది. రెండో గాటుకు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. మూడో గాటు దగ్గర రెండూ ఒకే గీత మీద పక్కపక్కన కూర్చున్నాయి, బస్సులో జర జరిగి చోటిచ్చుకున్న మనుషుల్లా.

రాజేశ్వర్ లక్‌పతిని కౌగిలించుకున్నాడు. జనం ఈలలు వేశారు. ఇక్కడితో అయిపోతే బాగుండేది, కానీ దేవిదాస్ సీసా ఇంకా మూత పెట్టలేదు.

“సూదులు సమానమే. గని ముడేసింది నువ్వేనని నువ్వే ఒప్పుకున్నవ్. ఇంజనీర్ ముడి ఏస్తడా?”

“ఏసిండు గద” అన్నాడు రాజేశ్వర్ తన గుండె తట్టుకుంటూ. “నేనూ ఏసిన.”

ఆ వాదం తేలేది కాదు. లక్‌పతి మాత్రం ఏదీ వినడం లేదు. తిన్నగా హర్యా ముందుకు పోయి నిలబడ్డాడు.

“మామా, నేను ఇంజనీర్ కాదు. తీగలు చుట్టేటోణ్ణి. బోర్డు మీద జాగ ఖాళీగుండె, రాయించిన. తుడుస్త. సక్రిని మాత్రం తోలుకపోకు.”

హర్యా అల్లుణ్ణి, బోర్డును, మళ్లీ అల్లుణ్ణి చూశాడు. ఏమీ అర్థం కాలేదు.

“కాదా? మరి నాడు చదివినాయన ‘ఇంజన్’ అన్నడు గద!”

“ఇంజనీర్ అన్నడు మామా.”

“నీరా? నీళ్లు తోడే ఇంజన్ అనుకున్న బిడ్డా! మా చెరుకుకు నీళ్లు పెట్టే ఆయిల్ ఇంజన్ గప్పటి సందే ఆగాగి నడుస్తుండె. ఇంట్ల ఇంజన్‌ది తెలిసిన అల్లుడుంటే ఫికర్ ఉండదని పిల్లనిచ్చిన. వచ్చినప్పుడల్లా చూస్తున్న, దుకాణంల ఒక్క ఇంజన్ కనవడది. అడిగితే చిన్నబుచ్చుకుంటవని అడగలే. ఇయ్యాల పూరాగ బందయితే బండిలేసుకొచ్చిన.” అంటూ గోనెపట్టా లాగాడు. బండి నిండా నల్లగా, నూనె కారుతూ, లక్‌పతి పుట్టిననాటి నుంచి ముట్టుకోని ఆయిల్ ఇంజన్.

నవ్వు మొదట సక్రికి వచ్చింది. బల్ల పట్టుకొని నవ్వింది. ఆ తర్వాత వీధి మొత్తానికి.

దేవిదాస్ ఒక్కడే నవ్వలేదు. కుంచెవాడి కన్నుతో బోర్డు వైపు చూస్తున్నాడు. నిచ్చెన వేసుకొని ఎక్కి, గ్యాస్‌నూనె గుడ్డతో చివరి ‘ర్’ తుడిచాడు. ‘నీ’ మీది గుడిదీర్ఘం తుడిచి, ఆ ‘న’ నెత్తిన పొల్లు పెట్టాడు. పక్కన ఒక కామా. దిగి వెనక్కి జరిగి చదివాడు. “లక్‌పతి ఇంజన్, మోటార్ వైండింగ్ వర్క్స్. ఇగ పందెం నువ్వూ ఓడలే, నేనూ ఓడలే.” కామా పక్కన మిగిలిన ఖాళీలో, చాలా రోజులుగా చేతిలో ఆగిపోయిన పువ్వు ఒకటి వేశాడు. ఈసారి లక్‌పతి కాదనలేదు.

రాజేశ్వర్ నమూనాను దుప్పట్లో చుట్టి బస్సు మీదికెక్కించుకొని హైదరాబాద్ పోయాడు. అక్కడి కరెంటు సక్రమమైనది కాబట్టి మళ్లీ ఒక ముడి వెయ్యాలని దారంతా గుర్తు చేసుకుంటూ పోయాడట.

బండి మాత్రం దుకాణం ముందే ఉంది. హర్యా ఎడ్లను విప్పి, నీడన కూర్చొని, బీడీ ముట్టించాడు.

“అల్లుడా, ఇంజన్ ఎప్పటికయితది? చెరుకు ఎండుతుంది.”

లక్‌పతి ఇంజన్ చుట్టూ తిరిగాడు. ఏది ముందో ఏది వెనుకో తెలియలేదు. మూడు తీగల కోసం చూశాడు, ఒక్కటీ లేదు. సక్రి గుమ్మంలో నిలబడి కనుబొమలెత్తి చూస్తోంది. అతను నోరు తెరిచాడు, మూశాడు, చెమట తుడుచుకున్నాడు. కానీ వీధంతా చెవులు రిక్కించి నిలబడితే ఎంతసేపని ఓర్చుకుంటాడు?

“గిదెంత మామా. ఐదు నిమిషాల పని.”

నిచ్చెన భుజానికెత్తుకొని పోబోతున్న దేవిదాస్ ఆగి, దాన్ని మళ్లీ గోడకు ఆనించాడు.